దెస్కాహె: సభాభవనం కోసం జెనీవా దాకా

కెనడాలోని ఒంటారియోలో, గ్రాండ్ నది ప్రాంతంలో ఓస్వెకెన్ అనే ఊరుంది. అక్కడ 1860లలో కట్టిన ఇటుకల సభాభవనం ఉంది. హోదెనోషోనీ ఆదివాసులలోని ఆరు జాతుల పెద్దలు కూర్చుని తమ వ్యవహారాలు తేల్చుకున్న చోటు అది. మన రాయ్ సెంటర్‌ను తలచుకుంటే దాని విలువ మీకే తెలుస్తుంది. ఒక తేడా ఉంది. అక్కడ పెద్దను ఎంచేదీ, దారి తప్పితే దించేదీ గోత్రపు తల్లులు.

లెవీ జనరల్ 1873లో ఆ నేల మీదే పుట్టారు. వయసులో కలప కొట్టే పనికి వెళ్లారు, తర్వాత సేద్యం చేసుకున్నారు. 1917లో కయూగా జాతి పెద్దల్లో ఒకరయ్యారు. దెస్కాహె అన్నది ఆ పదవితో వచ్చిన పేరు.

పాత భవనాన్ని నిలబెట్టడం అంటే మనకు పెంకులు, సున్నం గుర్తొస్తాయి. ఆయన ముందున్న ప్రశ్న వేరు: లోపల ఎవరు కూర్చోవాలి? సంప్రదాయ సభను తీసేసి తన చట్టం కింద ఎన్నికల కౌన్సిల్ పెట్టాలని కెనడా ప్రభుత్వం పట్టుబట్టింది. దెస్కాహె 1921లో లండన్ వెళ్లి అర్జీ పెట్టుకున్నారు. బ్రిటన్ అది కెనడా వ్యవహారమని తప్పుకుంది. 1923లో తమ జాతి ఇచ్చిన పాస్‌పోర్టుతోనే జెనీవా చేరి నానాజాతి సమితి తలుపు తట్టారు. పర్షియా, ఎస్టోనియా, ఐర్లండ్, పనామా ఆయన మాట వినాలని కోరాయి. బ్రిటన్ అడ్డుపడింది. సమితిలో మాట్లాడే అవకాశం దక్కకపోయినా ఏడాదికి పైగా అక్కడే ఉండి, బయట సభల్లో స్విస్ ప్రజలకు తమ గోడు వినిపించారు.

ఆయన దూరాన ఉండగానే, 1924 అక్టోబర్ 7న ప్రభుత్వాధికారి ఓస్వెకెన్‌కు వచ్చి సభ రద్దయిందని ప్రకటన చదివాడు. పోలీసులు రికార్డులనూ, ఒప్పందాలకు గుర్తుగా తరతరాలు దాచుకున్న వాంపమ్ పూసల పట్టీలనూ పట్టుకుపోయారు. అదే నెలలో ఎన్నిక జరిపారు, చాలా కొద్దిమందే ఓటేశారు. పెద్దలను ఎంచిన తల్లులకైతే ఓటే లేదు.

దెస్కాహె మళ్లీ ఆ భవనంలో కూర్చోలేదు. అమెరికా తిరిగొచ్చి 1925 మార్చిలో రోచెస్టర్ రేడియోలో తమ జాతి కష్టం చెప్పారు. జబ్బుపడి, టస్కరోరా మిత్రుడు క్లింటన్ రికార్డ్ ఇంట్లో జూన్ 27న కన్నుమూశారు. సొంత నేలలోనే ఖననం చేశారు.

1959 మార్చిలో సంప్రదాయ పెద్దల పక్షం వాళ్లు వందలాదిగా వచ్చి భవనంలోకి ప్రవేశించి సభ నడిపారు. వారం తిరిగేసరికి పోలీసులు బయటికి పంపేశారు. తర్వాత ఎన్నికల కౌన్సిల్ కూడా వేరే భవనానికి మారింది. పాత భవనం ఊరి నడుమ నిలిచే ఉంది. పెద్దల సభ రద్దయిందన్న మాటను ఒప్పుకోలేదు, అదే నేల మీద తమ లాంగ్‌హౌస్‌లో ఇప్పటికీ కూర్చుంటోంది.