అమరజీవి పొట్టి శ్రీరాములు

స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు మనమంతా ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం అని వరుసగా రాస్తాం. ఆ రాష్ట్రం అనే గడి వెనుక ఒక మనిషి పడిన 58 రోజుల ఆకలి ఉంది.

శ్రీరాములు గారు 1901 మార్చి 16న మద్రాసులో జన్మించారు. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి రైల్వేలో ఉద్యోగం చేశారు. భార్యను, పసిబిడ్డను పోగొట్టుకున్నాక ఉద్యోగం వదిలి సబర్మతి ఆశ్రమంలో చేరారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు.

హాస్టల్ విద్యార్థులమైన మనం ముఖ్యంగా తెలుసుకోవలసింది మరొకటుంది. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1940లలో ఆయన నిరాహారదీక్ష చేసి సాధించారు. దళితుల మేలు కోరుతూ రాసిన అట్టలు మెడలో వేసుకొని, చెప్పులు, గొడుగు లేకుండా ఎండలో తిరిగేవారు. పిచ్చివాడని నవ్వినవారూ ఉన్నారు.

బ్రిటిష్ వారు గెలుచుకున్న ప్రాంతాలను తమ వీలుకొద్దీ కలిపి పాలించారు. అందుకే మద్రాసు రాష్ట్రంలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాలు కలిసి ఉండేవి. పార్లమెంటు చట్టం ద్వారా కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచవచ్చని రాజ్యాంగం 3వ అధికరణం చెబుతోంది. అయినా మద్రాసు నగరం ఎవరిదన్న తగాదాతో ఆంధ్ర రాష్ట్రం వాయిదా పడుతూ వచ్చింది.

1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో శ్రీరాములు గారు దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. నాలుగు రోజులకే ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. మద్రాసు నగరం దక్కలేదు. 1953 అక్టోబరు 1న 11 జిల్లాలతో, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది.

ఆ డిసెంబరులోనే ఫజల్ అలీ కమిషన్ వేశారు. 1956 నవంబరు 1న దేశం 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలుగా మారింది. తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించింది. 2014 జూన్ 2న అదే 3వ అధికరణం ప్రకారం తెలంగాణ వేరు రాష్ట్రమైంది.

రాష్ట్రంలో ఒకే కులం పెత్తనం సాగితే బలహీనులకు రక్షణ ఉండదని అంబేద్కర్ గారు 1955లోనే హెచ్చరించారు. గీత గీస్తే సరిపోదు, గీత లోపల అందరికీ చోటుండాలి. శ్రీరాములు గారి విగ్రహానికి దండ వేసేటప్పుడు రాష్ట్రంతోపాటు ఆయన మన కోసం తెరిపించిన గుడి తలుపును కూడా గుర్తుచేసుకుందాం.