చూపు గురించి రాసిన బిషప్

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం, అక్కడి విశ్వవిద్యాలయం మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి తెలిసిన పేర్లే. 1866లో ఆ ఊరికి ఒక ఐరిష్ బిషప్ పేరు పెట్టారు. ఆయనే జార్జ్ బార్క్లీ. స్పెల్లింగు ఒకటే గాని ఆయన పేరును బార్క్లీ అనే పలుకుతారు.

1685లో ఐర్లండులోని కిల్కెన్నీ దగ్గర పుట్టాడు. పదిహేనేళ్లకే డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో చేరాడు. 1710 నాటికి, అంటే ఇరవై ఐదేళ్లకే, ఆంగ్లికన్ సంఘంలో గురువుగా అభిషేకం పొందాడు. తనకు పేరు తెచ్చిన తత్వగ్రంథాన్ని కూడా ఆ ఏడాదే ప్రచురించాడు.

జాన్ లాక్ చనిపోయి అప్పటికి ఆరేళ్లు. జ్ఞానమంతా అనుభవం నుంచే వస్తుందని లాక్ బోధించాడు. మనకు నేరుగా తెలిసేవి మనసులోని భావాలే, వాటి వెనుక పదార్థం అనేదొకటి ఉంది గాని అదేమిటో మనకు తెలియదన్నాడు. బార్క్లీకి ఇక్కడే ప్రమాదం కనిపించింది. ఎవరికీ తెలియని ఆ జడపదార్థాన్ని ఒప్పుకుంటే దేవునితో పనిలేని లోకం ఒకటి తయారవుతుందని భయపడి, దాన్ని పూర్తిగా కొట్టిపారేశాడు. ఉన్నవల్లా చూసే ఆత్మలు, వాటికి కనిపించేవి. అన్నిటినీ నిలిపేవాడు దేవుడు.

జనం నవ్వారు. 1763లో డాక్టర్ జాన్సన్ ఒక రాయిని కాలితో తన్ని దీన్ని ఖండించానన్నాడు. మనవాళ్లు వింటే ఇది మాయావాదమే కదా అంటారు. కానే కాదు. ట్రినిటీలోనే పనిచేసిన ఎ. ఎ. లూస్, ఆయనా బోధకుడే, 20వ శతాబ్దంలో దీన్ని విడమరచి చెప్పాడు. చెట్టు, బల్ల, రొట్టె అన్నీ బార్క్లీకి నిజమే. ఆయన కాదన్నది వాటి వెనుక దాగి ఉందనే పదార్థాన్ని మాత్రమే. ఇటీవలి పండితులు ఇంకో మాట మీద ఎక్కువ దృష్టి పెట్టారు. కళ్లకు కనిపించేదంతా దేవుడు మనుషులతో మాట్లాడే భాష అన్నది బార్క్లీ నమ్మకం. 1709లో చూపు గురించి రాసిన పుస్తకంలో మొదలైన ఈ ఆలోచన, 1732లో అచ్చయిన ‘ఆల్సిఫ్రాన్’లో బలపడింది. నాకైతే ఆయన రాసినవాటిలో ఇదే అందమైన భాగం.

‘ఆల్సిఫ్రాన్’ రాసింది అమెరికాలో. బెర్ముడా దీవిలో ఒక కాలేజీ పెట్టి, వలసవాసుల పిల్లలకూ, అమెరికా ఆదివాసుల పిల్లలకూ వేదవిద్య నేర్పాలని ఆయన కోరిక. ఆదివాసీ పిల్లలు శాంతిగా దొరక్కపోతే శత్రువుల పిల్లల్ని బందీలుగా తేవచ్చని కూడా ఆ ప్రణాళికలో రాశాడు. పార్లమెంటు 20,000 పౌండ్లు ఇస్తానంది. ఆ సొమ్ము కోసం రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో 1729 నుంచి 1731 దాకా ఎదురుచూశాడు. రాలేదు.

అక్కడ ఒక పొలం కొన్నాడు. మనుషుల్నీ కొన్నాడు. ఫిలిప్, ఆంథొనీ, ఎడ్వర్డ్, ఆగ్నెస్ అని వారి పేర్లు కాగితాల్లో మిగిలాయి. 1731లో వారిలో ముగ్గురు బాప్తిస్మం పొందారు. బాప్తిస్మం ఇస్తే బానిసను వదిలేయాల్సి వస్తుందని అప్పటి యజమానులు భయపడేవారు. అలా కాదని ఇంగ్లండులో న్యాయాధికారులు 1729లో అభిప్రాయం ఇస్తే, బార్క్లీ దాన్ని అచ్చువేయించి పంచాడు. క్రైస్తవుడైన బానిస మరింత వినయంగా ఉంటాడనీ నచ్చజెప్పాడు. ఫిలేమోనుకు పౌలు రాసిన పత్రిక ఆయనకు తెలియనిది కాదు.

ఈ సంగతులను ఆయన తత్వంతో కలిపి చూడకూడదని కొందరంటారు. 2021లో టామ్ జోన్స్ రాసిన పెద్ద జీవితచరిత్ర అలా విడదీయదు. లోకంలో పై అధికారం, కింది విధేయత అనే క్రమం బార్క్లీ తత్వంలోనూ, జీవితంలోనూ ఒకేలా కనిపిస్తుందని చూపుతుంది. ఆ మాటే సరైనదనిపిస్తుంది. ప్రతి ఆత్మతోనూ దేవుడు చూపు ద్వారా మాట్లాడుతున్నాడని రాసిన మనిషి, తన ఇంట్లో ఉన్న ఆగ్నెస్‌ను చూస్తూ ఏమి చదివాడు?

1734లో క్లోయిన్ బిషప్ అయ్యాడు. ఐర్లండు బీదల గురించి గట్టిగా రాశాడు, రోగులకు తారునీళ్లు తాగించాడు. 1753 జనవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు. ట్రినిటీ కాలేజీ 2023లో తన గ్రంథాలయానికి ఆయన పేరు తీసేసింది. ఆ భవనానికి ఇప్పుడు ఐరిష్ కవయిత్రి ఈవన్ బోలండ్ పేరుంది. బార్క్లీ పుస్తకాలు మాత్రం లోపల అలమరల్లోనే ఉన్నాయి.