మేడమ్ క్యూరీ దేశం విడిచి ఎందుకు వెళ్ళింది?



మనుషులు సొంత దేశం వదిలి పరాయి దేశానికి ఎందుకు పోతారు అని సోషల్ సారు అడిగితే, కూలి కోసం, తిండి కోసం అని అందరం చెప్పాము. నేనూ అదే చెప్పాను. కాని చదువు కోసం పోయినవాళ్ళు కూడా ఉన్నారు. వారిలో మేడమ్ క్యూరీ ఒకరు.

ఆమె 1867 నవంబరు 7న పోలెండ్‌లోని వార్సా నగరంలో పుట్టింది. పేరు మరియా. ఇంట్లో మాన్యా అనేవారు. అప్పుడు అక్కడ రష్యా చక్రవర్తి పాలన. ఇంట్లో పోలిష్ భాష, బడిలో మాత్రం రష్యన్‌లో చదవాలి. మనం ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు చదువుతాము కదా, అందుకే ఇది నాకు వెంటనే అర్థమయింది. మాన్యాకు పదేళ్ళప్పుడు తల్లి క్షయ జబ్బుతో చనిపోయింది. తండ్రి మాస్టారు, కాని డబ్బుకు ఇబ్బందే.

మాన్యా బడిలో బంగారు పతకం తెచ్చుకుంది. అయినా వార్సా యూనివర్సిటీలో ఆడపిల్లలను చేర్చుకోరు. పారిస్‌లో చేర్చుకుంటారు. అక్క బ్రోన్యాకు డాక్టరు చదవాలని ఆశ. ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ముందు అక్క పారిస్ పోవాలి, చెల్లి పని చేసి డబ్బులు పంపాలి. తర్వాత అక్క చెల్లిని చదివించాలి. మాన్యా ఒక పల్లెలో కలవారి ఇంట్లో ఉండి వాళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పింది. ఆ ఊరి పేద రైతుల పిల్లలకు కూడా చాటుగా చదువు నేర్పింది. తెలిస్తే శిక్ష పడేది, అయినా మానలేదు.

1891లో ఆమె పారిస్ చేరింది. మేడ మీద చిన్న గది, చలికి వణకడం, ఒక్కోసారి రొట్టె, టీతోనే సరిపెట్టుకోవడం. 1893లో ఫిజిక్స్‌లో ఫస్టు వచ్చింది. తిరిగి సొంతవాళ్ళ మధ్య పని చేద్దామనుకుంటే, క్రాకోవ్ యూనివర్సిటీలో ఆడమనిషి అని చోటివ్వలేదు. మళ్ళీ పారిస్‌కే పోయింది. 1895లో పియరీ క్యూరీని పెళ్ళి చేసుకుంది. 1898లో ఇద్దరూ కలిసి రెండు కొత్త మూలకాలు కనిపెట్టారు. ఒకటి రేడియం. ఇంకోదానికి తన దేశం పేరు మీద పొలోనియం అని పెట్టింది. అప్పటికి మ్యాపులో పోలెండ్ అనే దేశమే లేదు!

1903లో ఒకసారి, 1911లో ఇంకోసారి నోబెల్ బహుమతి వచ్చింది. 1906లో భర్త బండి కింద పడి చనిపోయాడు. 1911లో పారిస్‌లో కొన్ని పేపర్లు ఆమెను పరదేశిది అని తిట్టాయి. అయినా 1914లో యుద్ధం వస్తే ఎక్స్‌రే బండ్లు తయారు చేయించి, గాయపడిన ఫ్రెంచి సైనికుల దగ్గరకు తీసుకుపోయింది. పోలెండ్ స్వతంత్రమయ్యాక 1932లో వార్సాలో రేడియం సంస్థ తెరిపించింది. దానిని చూసుకున్నది డాక్టరయిన అక్క బ్రోన్యాయే. కిరణాల ప్రభావం వల్ల రక్తం పాడయి 1934 జూలై 4న మేడమ్ క్యూరీ చనిపోయింది.

ఇదంతా చదివాక నాకు మా అక్క గుర్తుకొచ్చింది. అక్క ఏడుతోనే బడి మానేసింది. ఏటా మిరప కోతకు పోతుంది. ఆ డబ్బులతోనే నాకు నోటుపుస్తకాలు కొంటుంది. మాన్యా, బ్రోన్యా ఒప్పందం చేసుకున్నారు. మా అక్క నన్ను ఏ ఒప్పందమూ అడగలేదు. ఓపెన్ స్కూలులో పది రాయవచ్చని తెలుగు టీచరు చెప్పారు. ఈసారి సెలవులకు పోయినప్పుడు నా పాత పుస్తకాలు తీసుకుపోతాను. ఒప్పందం నేనే అడుగుతాను.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని