రాల్ఫ్ బంచ్

అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ఒక నల్లజాతి క్షురకుని ఇంట రాల్ఫ్ బంచ్ జన్మించెను. బాల్యముననే తల్లి గతింపగా మాతామహి లూసీ జాన్సన్ అతనిని లాస్ ఏంజెలిస్ నగరమున పెంచెను. మనుమడు విశ్వవిద్యాలయమున చదివి తీరవలెనని ఆ వృద్ధురాలి పట్టుదల.

అతడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున అంతర్జాతీయ సంబంధములను ప్రధాన విషయముగా గైకొని, వ్యాయామశాలను ఊడ్చి తుడిచి పొట్టపోసికొనుచు, 1927లో తరగతికెల్ల ప్రథముడై పట్టము నందెను. పిమ్మట హార్వర్డు విశ్వవిద్యాలయము విద్యార్థివేతన మొసగెను గాని, తక్కిన ఖర్చులకు త్రోవ లేకపోయెను. అప్పుడు ఆ నగరపు నల్లజాతివారు చందాలు వేసికొని వేయి డాలర్లు కూర్చి యిచ్చిరి. ఆ ధనము వ్యర్థము కాలేదు. ఫ్రెంచివారి యేలుబడిలోని టోగోలాండ్, దహోమీలకు స్వయముగా పోయి, అచటి పరిపాలనను పరిశీలించి వ్రాసిన గ్రంథమునకు 1934లో డాక్టరు పట్టము లభించెను. అమెరికాలో రాజనీతిశాస్త్రమున ఆ పట్టము నందిన తొలి నల్లజాతీయు డతడే.

1948లో ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి బెర్నడాట్ జెరూసలేమున హత్య గావింపబడగా, ఆ భారము బంచ్‌పై పడెను. రోడ్సు ద్వీపమున ఒకే హోటలులో దిగియు, ఈజిప్టు, ఇజ్రాయేలు ప్రతినిధులు మొదట ముఖాముఖి మాటాడ నొల్లరైరి. బంచ్ వారి గదుల నడుమ రాత్రింబవళ్లు తిరిగెను. ప్రతినిధులకు బహూకరించుటకై ముందుగనే పింగాణీ పళ్లెములు చేయించి, ఒడంబడిక కుదరనిచో వానిని వారి తలలపై పగులగొట్టుదునని హాస్యమాడెనని చెప్పుదురు. 1949 ఫిబ్రవరిలో యుద్ధవిరమణ కుదిరెను. జులై నాటికి లెబనాన్, జోర్డాన్, సిరియాలును ఒప్పుకొనెను. 1950లో అతనికి నోబెల్ శాంతి బహుమాన మొసగబడెను.

ఈలోగా అమెరికా ప్రభుత్వము ఉన్నతోద్యోగ మీయజూపెను. వర్ణభేదము పాటించు వాషింగ్టనులో మరల కాపుర ముండ నొల్లక బంచ్ దానిని నిరాకరించి, సమితి కొలువుననే నిలిచెను.