అలగానిపాటి లెక్క

సావనీరుకు ఏదైనా రాసివ్వమని మా యూనియన్ సెక్రటరీ అడిగినప్పుడు, మా నెల్లూరు సీమకు చెందిన ఒక పెద్దమనిషి జీవితం రాస్తానని తొందరపడి మాటిచ్చాను. ఆ పెద్దమనిషి పుచ్చలపల్లి సుందరయ్య గారు. భూస్వామి ఇంట పుట్టారు, ఆస్తి వదులుకున్నారు, సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళారు. ఈ మూడు ముక్కలూ మా వైపు పిల్లవాడికి కూడా తెలుసు. ఒక పూట కూర్చుంటే నాలుగు పేజీలు అయిపోతాయనుకున్నాను. తీరా కలం పట్టాక నెల రోజులు గడిచినా మొదటి పేజీ దాటలేదు.

దానికి కారణం నా గొప్పతనమే, చెప్పేస్తాను. కిందటేడు మా కాలేజీ వక్తృత్వ పోటీలో ధనవంతుల విజయం వారి స్వయంకృషి ఫలితమేనా అనే విషయమిచ్చారు. నేను అవునని మాట్లాడాను. తెలివి, పట్టుదల, సాహసం ఉన్నవాడు పైకి వస్తాడు, లేనివాడు ఏడుస్తాడు అని బల్లగుద్ది చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, కప్పు గెలుచుకుని హాస్టలుకొచ్చాను. నా రూమ్మేటుదీ మా తట్టు ఊరే. వాళ్ళ నాయన కూలికి పోతాడు. అతను నాతో వాదం పెట్టుకోలేదు. మీ పన్నెండెకరాల్లో పోయినేడు ఎన్ని పుట్లు పండాయి, కోసినవాళ్ళకు ఎంత ముట్టింది అని మాత్రం అడిగాడు. మా నెల్లూరి పుట్టి అంటే ఎనిమిది వందల యాభై కిలోలని నాకు తెలుసు. రెండో లెక్క తెలియదు. ఆ మాటే చెప్పాను. అతను దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నాడు.

సుందరయ్య గారి జీవితం చదువుతుంటే, ఆ రెండో లెక్క ఆయనకు పదిహేడు పద్దెనిమిదేళ్ళకే పట్టుకుందని అర్థమైంది.

మా అల్లూరు నుంచి దక్షిణంగా పోతే విడవలూరు మండలం వస్తుంది. పాత లెక్కలో అది కోవూరు తాలూకా. అక్కడి అలగానిపాడులో 1913 మే 1న ఆయన పుట్టారు. పెట్టిన పేరు వెంకట సుందరరామిరెడ్డి. తండ్రి వెంకటరామిరెడ్డి గారు, తల్లి శేషమ్మ గారు. ఇల్లు నిండా ధాన్యం, చుట్టూ పాలేళ్ళు, పిలిస్తే పలికే మనుషులు. ఆయనకు ఆరేళ్ళ వయసులో తండ్రి పోయారు. అయినా ఇల్లు కూలిపోలేదు. భూమి ఉంది గదా. తండ్రి పోయిన పాలేరు కొడుకైతే మర్నాటి నుంచే బర్రెల వెంట పోవాల్సి వచ్చేది. ఈ పిల్లవాడు మాత్రం అక్కబావల దగ్గర ఉండి పట్నాల్లో చదువుకున్నాడు, మద్రాసు వెళ్ళి లయోలా కాలేజీలో చేరాడు.

ఇక్కడ ఆగి, మా సీమలో ఆ భూమికి విలువ ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. మాది సముద్రపు ఒడ్డు. వర్షాన్ని నమ్ముకుంటే జొన్నా రాగీ పండాల్సిన నేల చాలా ఉంది. దాన్ని మాగాణి చేసింది పెన్న నీళ్ళు. నెల్లూరు దగ్గర ఆనకట్ట 1855 నాటికి వచ్చింది. సంగం దగ్గర ఆనకట్ట 1880లలో కట్టారు. సంగం నీళ్ళు కనిగిరి రిజర్వాయరులో పడి అక్కడి నుంచి కాలవల మీద కోవూరు, విడవలూరు, అల్లూరు దాకా వస్తాయి. ఆనకట్ట కట్టించింది సర్కారు. రాళ్ళు మోసింది, కాలవలు తవ్వింది కూలి జనం. కాలవ పక్కన భూమి ఉన్నవాడు మాత్రం రాత్రి పడుకుని తెల్లవారి లేచేసరికి ధనవంతుడైనాడు. మొలగొలుకుల బియ్యానికి పేరు రావడం, మేడలు లేవడం, పిల్లలు మద్రాసు చదువులకు పోవడం, అన్నీ ఆ నీళ్ళ మీద తేలివచ్చినవే. మా తాతలు కష్టపడలేదని అనను. వేకువనే లేచి గట్ల మీద తిరిగిన మనుషులు వాళ్ళు. కాని అంతకన్నా ముందు లేచి నాగలి కట్టినవాడి ఇంటికి ఆ కాలవ పారలేదు.

వాళ్ళు మాల మాదిగ పల్లెల వాళ్ళు, యానాదులు. పెళ్ళికో చావుకో తెచ్చుకున్న అప్పు కింద ఏళ్ళతరబడి ఒకే కామందు దగ్గర జీతానికి కట్టుబడి ఉండేవాళ్ళు. కూలి అంటే గింజలు కొలిచి పెట్టడమే. కొలత కామందు చేతిలో ఉండేది. అప్పు ఎప్పుడు తీరిందో చెప్పవలసినదీ కామందే. అప్పుకింద మనిషిని ఇలా కట్టేసుకోవడాన్ని నిషేధిస్తూ మన దేశంలో చట్టం వచ్చింది 1976లో. సుందరయ్య గారు అలగానిపాడులో దాని మీద పని మొదలుపెట్టింది 1930ల మొదట్లో. మధ్య ఎన్నేళ్ళ దూరం ఉందో చూడండి.

అసలు ఆయన ముందు వెళ్ళింది గాంధీగారి దారిలోనే. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. పదిహేడేళ్ళ కుర్రవాడు లయోలా వదిలేసి అందులోకి దూకాడు. అరెస్టు చేశారు. వయసు చాలదని తంజావూరు బోర్‌స్టల్ స్కూల్లో పెట్టారు. తర్వాత తిరుచిరాపల్లి. జైల్లో రకరకాల రాజకీయ ఖైదీలు, రకరకాల చదువు. బయటికొచ్చాక సొంత ఊరు చేరి వ్యవసాయ కూలీలను కూడగట్టడం మొదలుపెట్టారు.

నా మట్టుకు నాకు ఆయన జీవితమంతటిలో అతి కష్టమైన ఘట్టం ఇదే అనిపిస్తుంది. తెల్లదొరను ఎదిరిస్తే ఊరు దండ వేస్తుంది. సొంత పెదనాన్న దగ్గర, మేనమామ దగ్గర కూలి పెంచమని అడిగితే ఊరు మొహం తిప్పుకుంటుంది. పండక్కి పది మందికి బట్టలు పెడితే ధర్మాత్ముడంటారు. తూముకు తూము కొలిచి ఇమ్మంటే ఇంటికి చెడబుట్టాడంటారు. పల్లెలో జనానికి రాత్రి బడి, మందులు, సరుకుల కోసం చవక దుకాణం, వీటన్నిటితోపాటు కూలి రేటు మాట కూడా ఎత్తడం వల్లనే బంధువర్గానికి ఆయన కంటగింపయ్యారు. అప్పుడే పేరు చివర రెడ్డి తీసేసి సుందరయ్య అయ్యారు. తన వాటా ఆస్తిని తర్వాత పార్టీకి ఇచ్చేశారు.

ఈ ఇచ్చేయడం గురించి మనం త్యాగం అని రాస్తాం. నేనూ మొదటి చిత్తుప్రతిలో అదే రాశాను, పెద్ద పెద్ద మాటలతో. రూమ్మేటు చదివి, త్యాగమంటే తనది తాను ఇవ్వడం గదా, ఆయన అది తనదనే అనుకోనప్పుడు త్యాగమెట్లా అవుతుంది అన్నాడు. ఆలోచిస్తే సబబుగానే తోచింది. దానం చేసినవాడు దాత అని పేరు తెచ్చుకుంటాడు. సుందరయ్య గారు చేసింది బాకీ తీర్చడం లాంటిది. బాకీ తీర్చినవాడికి ఎవరూ విగ్రహం పెట్టరు గాబోలు, అందుకే మనం దాన్ని త్యాగమంటున్నాం.

ఇంకోవైపు మాట కూడా చెప్పాలి. ఆయన చదువుకున్న లయోలా ఫీజు ఏ ధాన్యంలోంచి వచ్చింది? అదే కయ్యల ధాన్యం. కాలేజీ మానేసే స్వేచ్ఛ కూడా కలిగినింటి బిడ్డకే ఉంటుంది. ఆ ఏడే ఒక పాలేరు కొడుకు ఉద్యమంలోకి పోయి జైల్లో కూర్చుంటే వాడి ఇంట్లో పొయ్యి వెలగదు. వాడి పేరు మనదాకా రాలేదు కూడా. ఇది చెబితే ఆయన్ని చిన్నబుచ్చినట్టు కాదనుకుంటాను. లెక్క అంటే ఆయనది కూడా అందులో వేయాల్సిందే. ఆయన తమ్ముడు రామచంద్రారెడ్డి గారు డాక్టరు చదివి, నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపి, బీదాబిక్కీకి తక్కువ ఖర్చుతో వైద్యం చేశారు. ఒకే ఇంటి ధాన్యం ఇద్దరికీ చదువైంది. ఆ చదువు ఇద్దరి చేతుల్లోనూ వెనక్కి ఊళ్ళకే వచ్చింది.

మిగతా జీవితం చాలామందికి తెలిసిందే గనక త్వరగా చెబుతాను. అమీర్ హైదర్ ఖాన్ ప్రభావంతో కమ్యూనిస్టు అయ్యారు. దక్షిణాదిన పార్టీ కట్టడానికి ఊరూరూ తిరిగారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు ఆ నాయకుల్లో ఉన్నారు. యుద్ధం రోజుల్లో అజ్ఞాతవాసం. 1943లో బొంబాయి పార్టీ ఆఫీసులో పనిచేసే లీల గారిని పెళ్ళాడారు. పిల్లలు వద్దని ఇద్దరూ అనుకుని, ఆయనే ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ రోజుల్లో మగవాడు అలా చేయించుకోవడం విడ్డూరం. ఉద్యమానికి అడ్డు రాకూడదనేది వాళ్ళు చెప్పుకున్న కారణం. నాకు మాత్రం ఇంకో సంగతి తట్టింది. సంపద గురించి ఎంత మాట్లాడినా చివరికి అందరం పిల్లలకోసమే గదా అంటాం. ఆ మాట అనే అవకాశమే ఆయన లేకుండా చేసుకున్నారు.

1946 నుంచి 1951 దాకా తెలంగాణ రైతాంగ పోరాటం. అలగానిపాడులో కూలి గింజల దగ్గర మొదలైన ప్రశ్న అక్కడ వెట్టి, గడీ, భూమి దాకా పోయింది. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని ఆ ఉద్యమం లెక్క. నాలుగు వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ పోరాటాన్ని అలా ముగించడం సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. 1972లో ఆయనే దాని మీద పెద్ద పుస్తకం రాశారు, తప్పుల గురించి కూడా.

1952లో రాజ్యసభకు వెళ్ళారు. సైకిలు కథ అప్పటిది. 1955లో గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు. కమ్యూనిస్టులు అంతటా చిత్తుగా ఓడిపోయిన ఏడు అది. 1964లో పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ ఏడు చివర్లోనే మళ్ళీ అరెస్టు, 1966 దాకా జైలు. పార్టీ పంథా మీద భిన్నాభిప్రాయం వచ్చి 1976లో ఆ పదవి వదిలేశారు. 1978లో మళ్ళీ గన్నవరం ఎమ్మెల్యే. కృష్ణా, గోదావరి, పెన్న నీళ్ళు ఎక్కడెక్కడికి మళ్ళించవచ్చో అంకెలతో పటాలతో చెప్పేవారు. పెన్న కాలవ ఒడ్డున పుట్టినవాడికి నీళ్ళ విలువ ఒకరు చెప్పాలా!

పదవులన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది 1974 నాటి పని. అరవై దాటిన మనిషి, దేశస్థాయి నాయకుడు, గుంటూరు జిల్లా అనంతవరంలో గడప గడపకూ సర్వే చేయించారు. ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎవరు కౌలు, ఎవరు కూలి, ఎవరికి ఏడాదికి ఎంత మిగులుతుంది. ఉపన్యాసం చెబితే సరిపోయేదానికి ఈ గుమస్తాపని దేనికి అనిపిస్తుంది. కాని ధనవంతుడు సంపాదించాడా, వాడికి చేరిందా అన్న ప్రశ్నకు ఉపన్యాసంలో జవాబు దొరకదు, కప్పు గెలిచిన నేను సాక్షిని. అది ఒక ఊరి లెక్కలో దొరుకుతుంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత పరిశోధకులు మళ్ళీ అదే ఊరికి వెళ్ళి, ఆయన లెక్కతో పోల్చి చూసుకున్నారు.

1985 మే 19న మద్రాసు ఆసుపత్రిలో ఆయన కన్నుమూశారు. డెబ్భై రెండేళ్ళు.

ఆయన పోయాక మా తీరం బాగా మారింది. ఇస్కపల్లి వైపు ఉప్పుకొఠార్లు, చవుడు నేలలు ఒకప్పుడు ఎవరికీ పట్టేవి కావు. 1990ల్లో రొయ్యల గుంటలు వచ్చి ఆ చవుడే బంగారమైంది. కొందరు బాగుపడ్డారు, తెల్లమచ్చ తెగులొచ్చి కొందరు మునిగారు. బాగుపడ్డవాళ్ళు తమ తెలివి అన్నారు, మునిగినవాళ్ళు తమ ఖర్మ అన్నారు. గుంటల దగ్గర రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని కాపలా కాసిన యానాది ఏమన్నాడో ఎవరూ అడగలేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా నాయన్ను చిట్టా పుస్తకం అడిగాను. దేనికిరా అబ్బాయా అన్నాడు. కాలేజీలో రాయాలి నాయనా అన్నాను. ఇచ్చాడు. యూరియా కొట్టువాడి పేరుంది, కోతమిషను వాడి పేరుంది, మిల్లువాడి పేరుంది. నాట్లకు, కలుపుకు వచ్చినవాళ్ళకు మాత్రం కూళ్ళు అని ఒక్క మాట, పక్కన ఒక్క అంకె. ఎంతమందో లేదు, ఎన్ని రోజులో లేదు. నాయన్ను అడిగితే ఆయన వేళ్ళ మీద గుర్తుచేసుకుంటూ చెప్పాడు, అమ్మ మధ్యలో రెండు పేర్లు సరిదిద్దింది. అన్నీ కాగితం మీద రాసుకుని హాస్టలుకు తెచ్చాను. రూమ్మేటు అడిగిన రెండో లెక్కకు జవాబు ఇప్పుడు నా దగ్గరుంది. ఆ కాగితం అతనికిచ్చాను. అంకె చూసి ఏమీ అనలేదు. పేర్ల దగ్గర ఆగి, వీళ్ళలో ముగ్గురు మా ఇంటి పక్కవాళ్ళే అన్నాడు.