నక్షాల గీతల నుంచి కెమెరా కంటి దాకా
రాజా దీన్‌దయాళ్ జీవితం

ఘట్‌కేసర్, ఉప్పల్, నాచారం ప్రాంతాల వారికి సికింద్రాబాద్ పొరుగూరు. ఆ ఊళ్లో స్టూడియో పెట్టి, ఆరవ నిజాం కాలపు హైదరాబాద్‌ను గాజుపలకల మీద నిలిపిన వ్యక్తి రాజా దీన్‌దయాళ్. ఆయన చేతికి మొదట వచ్చింది కెమెరా కాదు, నక్షాలు గీసే పెన్సిలు.

మీరట్ సమీపంలోని సర్ధానాలో 1844లో ఒక జైన కుటుంబంలో దీన్‌దయాళ్ జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగంలో చేరారు. కట్టడాల ఖర్చు అంచనా వేయడం, నక్షాలు గీయడం ఆయన పని. ఆ కొలతల పట్టింపు తరువాత ఆయన తీసిన కోటలు, గుళ్ల చిత్రాలన్నిటిలో కనిపిస్తుంది.

1874 ప్రాంతంలో ఫొటోగ్రఫీ మీదికి మనసు మళ్లింది. అప్పట్లో ఫొటో తీయడమంటే బరువైన పెట్టె, ముక్కాలిపీట, గాజుపలకలు, రసాయనాల సీసాలు వెంట మోసుకుపోవడం. ఒక్క పలక పగిలితే పడిన శ్రమంతా వృథా. ఇండోర్‌లోని ఆంగ్లేయ అధికారి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్‌లో పర్యటించి పురాతన కట్టడాలను చిత్రించారు.

స్థిరమైన సర్కారు కొలువు ఒకవైపు, మనసు పడిన కళ మరొకవైపు. దీన్‌దయాళ్ మొదట సెలవు పెట్టి, ఆ పైన ఉద్యోగానికే స్వస్తి చెప్పారు. 1880వ దశకంలో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించారు. దర్బార్లు, వేటలు, రాజభవనాలతోపాటు కరవు పనులలోని కూలీలను కూడా ఆయన కెమెరా చూసింది.

పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేక స్టూడియో ఏర్పాటు చేశారు. దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. పరాయి పురుషుని ఎదుట పడని స్త్రీలకు ఆ విధంగా తమ రూపం చిత్రంలో చూసుకునే వీలు కలిగింది.

నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. కుంచెకూ కెమెరాకూ ఆ దర్బారు తేడా చూపలేదు. స్టూడియోలో ఫొటోలకు రంగులద్దే పనీ సాగేది.

1896లో బొంబాయిలోనూ స్టూడియో వెలసింది. అయితే చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1904లో చిన్న కుమారుడు ధరమ్‌చంద్ మరణించారు. మరుసటి ఏడు, 1905లో దీన్‌దయాళ్ కన్నుమూశారు. రాజాదరణ మీద నిలిచిన వ్యాపారం క్రమంగా క్షీణించింది.

కాని గాజుపలకలు మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 నెగెటివ్‌లను సేకరించింది. 2006లో తపాలాశాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. ఆ దర్బార్లు పోయాయి, ఆ దొరలు పోయారు. ఆనాటి హైదరాబాద్ ఎలా ఉండేదో చూడాలనుకునే వారికి నేటికీ ఆ పలకలే ఆధారం.