సుందరం కరివర్ధన్

సుందరం కరివర్ధన్ (1954 - 1995) భారతదేశపు మోటారు పందేల చోదకుడు, పందెపు కార్ల రూపకర్త. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబంలో, లక్ష్మీ మిల్సు స్థాపకుడు జి.కుప్పుస్వామి నాయుడు వంశంలో జన్మించాడు. పందేల రంగంలో ఈయన "కరి"గా సుప్రసిద్ధుడు.

ఫార్ములా మారుతి

ఆ కాలంలో మనదేశంలో పందెపు కారు కావాలంటే భారీ సుంకం చెల్లించి విదేశాల నుండి తెప్పించుకోవలసి వచ్చేది. చెడిపోతే విడిభాగాలు దొరకడమూ కష్టమే. కనుక ఈ క్రీడ సంపన్నులకే పరిమితమైంది. తానూ సంపన్నుడే అయిన కరివర్ధన్ ఈ అడ్డంకిని తొలగించ పూనుకోవడం విశేషం. 1983లో విడుదలైన మారుతి 800 యొక్క 796 సి.సి. ఇంజనును తేలికైన చట్రానికి అమర్చి, ఒక్కరే కూర్చునే కారును రూపొందించాడు. అదే ఫార్ములా మారుతి.

ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్‌ను కొన్నవారు విడిభాగాలుగా తెచ్చుకొని ఇంటివద్దనే బిగించుకొనేవారు. కరివర్ధన్ కారు అటువంటిది కాకపోయినా సూత్రం ఒకటే: చిన్న ఇంజను, తక్కువ బరువు, సులభమైన మరమ్మతు. మారుతి ఇంజను సామాను కరీంనగర్, ఆదిలాబాదు వంటి పట్టణాలలోనూ దొరికేదే కదా! పైగా అందరివీ ఒకే రకం కార్లు కావడంతో గెలుపు చోదకుని నైపుణ్యంపైననే ఆధారపడేది. వీటిని నడిపినవారిలో నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు.

అది చూడడానికి కరివర్ధన్ లేడు. 1995లో, నలభై యేళ్ళకే, విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరు సమీపాన చెట్టిపాళెంలో 2003లో ప్రారంభమైన పందెపు బాటకు ఈయన పేరిట కరి మోటార్ స్పీడ్‌వే అని నామకరణం చేశారు.